మన పొయ్యి దగ్గరి భయాన్ని వెండితెరకెక్కించిన విఠలాచార్య

మంగళగిరి కొండమీద పానకాల నరసింహస్వామి గుడి పొద్దు గూకకముందే మూసేస్తారు. చీకటి పడ్డాక అక్కడ పూజ చేసేది దేవతలని మన పెద్దల నమ్మకం. పగలంతా భక్తుల చేత బిందెలకొద్దీ పానకం పోయించుకుని, గుటక వేసిన చప్పుడు వినిపించి, సగం మళ్ళీ మనకే ప్రసాదంగా వదిలే స్వామి దగ్గర రాత్రిపూట ఒక్క నరమానవుడు ఉండడు. ఇందులో భయముందా, భక్తి ఉందా అంటే విడదీసి చెప్పడం కష్టం. ఆ స్వామి రూపమే అలాంటిది గదా! సగం మనిషి, సగం సింహం. స్తంభం చీల్చుకుని వచ్చి, గడప మీద కూర్చుని, గోళ్ళతో రాక్షసుడి పొట్ట చీల్చినవాడు. అంతటి భయంకరమూర్తిని మనం ఇలవేల్పుగా కొలుచుకుంటాం. ఆయన పేరే పిల్లలకు పెట్టుకుంటాం. భయాన్ని ఇంట్లో మనిషిని చేసుకోవడం మనకు కొత్తగాదు.

అలాంటి జనానికి వెండితెర మీద దయ్యాలనూ, మాంత్రికులనూ, మోహినులనూ చూపించి మూడు పదుల ఏళ్ళు ఏలిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన తెలుగువాడు కాడు. చదివింది మూడో తరగతి. హోటలు నడిపాడు, జైలుకెళ్ళాడు, డేరా సినిమాలు తిప్పాడు. చివరికి మద్రాసు చేరి, తెలుగువాళ్ళ చేత జానపద బ్రహ్మ అనిపించుకున్నాడు. ఆయనే బి.విఠలాచార్య.

యూనివర్సిటీ కాలేజీ సంచికలో విఠలాచార్య ఏమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వేవాళ్ళలో మొన్నటిదాకా నేనూ ఉన్నాను. ఈమధ్య మన హాస్టల్లో ఇంగ్లండు వాళ్ళ పాత భయానక చిత్రాలు చూసే అలవాటు పట్టుకుంది. రాత్రి లైట్లార్పేసి నలుగురు చేరి 'ది వికర్ మాన్' చూడడం, తెల్లవార్లూ దాని మీద చర్చించడం. నేనూ ఆ చర్చల్లో కూర్చున్నవాణ్ణే. అలా ఒక రాత్రి కూర్చున్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. 'జగన్మోహిని' చూసొచ్చిన తర్వాత చాలా రోజులపాటు తెల్లవారుజామున ఒంటరిగా పొయ్యి రాజేయడానికి ఆవిడకు చేతులు వణికేవట. పక్కన తాతయ్యను కూర్చోబెట్టుకునేదట. ఇంగ్లండు చిత్రాలను పొగిడే నోటితో మనం విఠలాచార్యను ఎందుకు వెక్కిరిస్తున్నామా అని ఆ రాత్రే అనుమానం పుట్టింది. ఆ అనుమానమే ఈ వ్యాసం.

విఠలాచార్య 1920లో ఉడుపి దగ్గర ఉద్యావర అనే ఊళ్ళో పుట్టాడు. అప్పుడది మద్రాసు రాష్ట్రంలోని దక్షిణ కన్నడ జిల్లా. తల్లిదండ్రులకు ఏడో సంతానం. తండ్రి ఆయుర్వేద వైద్యుడు, డబ్బు తీసుకోకుండా మందిచ్చేవాడని పేరు. ఆ ప్రాంతాన్ని తుళునాడు అంటారు. యక్షగానానికీ, భూతారాధనకూ పెట్టింది పేరు. యక్షగానంలో రాక్షస పాత్ర వచ్చేముందు తెర వెనకనుంచి కేక వినిపిస్తుంది, చెండె వాద్యం గుండెల్లో మోగుతుంది, దివిటీల వెలుతురులో ముఖమంతా రంగులతో ఆ వేషం ఒక్కసారి బయటపడుతుంది. ఇక భూతకోలలో ఊరిని కాచే భూతం మనిషి ఒంటిమీదికి వచ్చి, రాత్రంతా ఆడి, తగవులు తీర్చి, తెల్లవారేసరికి వెళ్ళిపోతుంది. అక్కడ భూతమంటే తరిమికొట్టవలసిన పిశాచి కాదు, ఊరికి పెద్దదిక్కు. ఆ భూతకోలనే కథగా చేసుకుని 2022లో వచ్చిన 'కాంతార' దేశమంతా ఆడింది. విఠలాచార్య ఆ నేలమీద పుట్టి, చిన్నప్పుడు నాటకాలూ, బయలాటలూ, యక్షగానాలూ అంటే చెవికోసుకున్నవాడు. భయమనేది నలుగురూ కలిసి కూర్చుని అనుభవించే వేడుక అని ఆయనకు బడిలో కంటే ముందే తెలిసిపోయి ఉండాలి.

బడి మూడో తరగతితో సరి. తొమ్మిదో ఏట ఇల్లు విడిచి అరసికెరె చేరాడు. దొరికిన పనల్లా చేశాడు. తర్వాత దగ్గరి బంధువు నడిపే ఉడిపి హోటలు కొనుక్కుని, దాన్ని బాగానే నడిపాడు. ఇడ్లీ పిండి రుబ్బిన చేత్తోనే తర్వాత సినిమాలు తీశాడన్నమాట. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. స్నేహితులతో కలిసి అందులో దూకి, అరెస్టయి, హాసన్ జైల్లో కొంతకాలం ఉన్నాడు. బయటికొచ్చాక హోటలు తమ్ముడికి అప్పగించి, డి.శంకర్‌సింగ్ అనే మిత్రుడితోనూ మరికొందరితోనూ కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు పెట్టాడు. ఒకటితో మొదలై అవి నాలుగయ్యాయి.

ఈనాటి మనకు టూరింగ్ టాకీసంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఊరి బయట ఖాళీ పొలంలో గుడారం వేస్తారు. లోపల ముందుభాగం నేల, వెనక బెంచీలు, ఆ వెనక నాలుగు కుర్చీలు. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగుతుంది. ఆగినప్పుడల్లా సోడాలూ, వేరుశెనక్కాయలూ. పంట డబ్బు చేతిలో ఉన్నన్నాళ్ళూ జనం వస్తారు, వానలు మొదలైతే గుడారం పీకేస్తారు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లోనూ పత్తి తీతలూ మిరప కోతలూ అయ్యాక ఇలాంటి గుడారాలే వెలిసేవి. అందులో నేల మీద కూర్చున్న కూలి మనిషికి ఓపిక తక్కువ. కథ నడవకపోతే ఈల వేస్తాడు, నచ్చితే మర్నాడు మళ్ళీ వస్తాడు. విఠలాచార్య తన గుడారంలో ఆడిన ప్రతి సినిమానూ తానే కూర్చుని చూసేవాడట. ఏ ఘట్టంలో జనం గప్‌చుప్‌గా ఉంటారో, ఎక్కడ బీడీ కోసం బయటికి పోతారో ఆయనకు అక్కడే తెలిసింది. ఫిలిం ఇన్‌స్టిట్యూట్లో సీటు దొరకని మనిషికి ఆ గుడారమే యూనివర్సిటీ అయింది.

తర్వాత ఆ మిత్రబృందమే మైసూరులో మహాత్మా పిక్చర్స్ అనే సంస్థ పెట్టి కన్నడ చిత్రాలు తీసింది. వాటిలో 1951లో శంకర్‌సింగ్ తీసిన 'జగన్మోహిని' కన్నడదేశంలో గొప్పగా ఆడింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. మరుసటేడు 'శ్రీ శ్రీనివాస కల్యాణ' చిత్రానికి విఠలాచార్య దర్శకుడు. అందులో చిన్న వేషం వేసిన ముత్తురాజ్ అనే కుర్రవాడే తర్వాత కన్నడ కంఠీరవ రాజ్‌కుమార్ అయ్యాడు. ఆపైన విఠలాచార్య వేరుపడి విఠల్ ప్రొడక్షన్స్ అనే సొంత సంస్థ స్థాపించుకున్నాడు. 1955లో 'కన్యాదానం'తో తెలుగులో అడుగుపెట్టాడు. మకాం మద్రాసుకు మారింది.

మొదట్లో ఆయన తీసినవి పెళ్ళిళ్ళూ, కాపురాల కథలూ. దారి మళ్ళింది 1959లో 'జయ విజయ'తో. అప్పటికి తెలుగులో జానపదానికి కొత్తదనమేమీ లేదు. 1951లోనే కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ 'పాతాళ భైరవి' తీసింది. నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు గడ్డం దువ్వుకుంటూ కనబడితే నేలవాళ్ళు గుక్క తిప్పుకోలేదు. కాని విజయా వారిది పెద్ద సంస్థ, పెద్ద స్టూడియో, తీరిగ్గా తీసే పద్ధతి. విఠలాచార్యకు అంత స్తోమత లేదు. ఉన్నదల్లా గుడారంలో నేర్చుకున్న లెక్క. ఎన్ని రూపాయలు పెడితే ఎన్ని రూపాయలు వస్తాయో, ఎన్ని రోజుల్లో చిత్రం ముగించాలో ఆయనకు ముందే తెలుసు. ఒక సెట్టునే గోడ మార్చి, తెర మార్చి నాలుగు చోట్లుగా చూపించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పెద్ద హీరో కాల్షీట్లు ఇవ్వకపోతే, కథలో మాంత్రికుడి చేత ఆ హీరోను చిలకగానో మేకగానో మార్పించి, మిగతా షూటింగు ఆ చిలకతో పూర్తిచేస్తాడని సినిమావాళ్ళు నవ్వుతూ చెప్పుకునే కథ ఒకటుంది. కథ ఎలాంటిదైనా, చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే బుర్ర పనిచేస్తుందన్న సంగతి అందులో ఉంది.

1960లో 'కనకదుర్గ పూజా మహిమ', 1962లో 'మదన కామరాజు కథ', 1963లో 'గురువును మించిన శిష్యుడు', 1965లో 'జ్వాలాద్వీప రహస్యం'. ఇలా వరసగా వచ్చాయి. కోదాడ ప్రాంతం నుంచి వచ్చిన కాంతారావు ఈ చిత్రాలతోనే కత్తి కాంతారావుగా ఇంటింటికీ తెలిశాడు. ఎన్.టి.రామారావు మన గుంటూరు ఏ.సి. కాలేజీలో బి.ఏ. చదివి, ఈ జిల్లాలోనే కొద్దిరోజులు సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం చేసి, దాన్ని వదిలి మద్రాసు వెళ్ళినవాడు. ఆయన 1963లో 'బందిపోటు'తో విఠలాచార్య దగ్గరికి వచ్చాడు. 'అగ్గిపిడుగు', 'పిడుగు రాముడు', 'గండికోట రహస్యం', 'ఆలీబాబా 40 దొంగలు', 'లక్ష్మీ కటాక్షం' ఆ జంట తీసినవే. పట్నాల్లో విమర్శకులు వీటిని పట్టించుకోలేదు. పల్లెల్లో గుడారాలు పట్టలేదు.

ఆయన ట్రిక్కుల సంగతి ఒకమాట. ఈనాడు కంప్యూటర్ ముందు కూర్చుని చేసేదంతా అప్పుడు కెమెరాలోనే చెయ్యాలి. ఒకే నటుడు తెరమీద ఇద్దరుగా కనబడాలంటే, కెమెరా ముందు సగానికి నల్ల అట్ట అడ్డుపెట్టి ఒక సగం తీస్తారు. ఫిలిమును వెనక్కి చుట్టి, ఆ అట్టను రెండోవైపుకు మార్చి మిగతా సగం తీస్తారు. కెమెరా పిసరు కదిలినా, వెలుతురు కొంచెం మారినా మధ్యలో గీత కనబడిపోతుంది. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపి, ఆ మనిషిని పక్కకు పంపి, మిగతావాళ్ళను రాళ్ళలా నిలబెట్టి మళ్ళీ తిప్పాలి. గాలిలో ఎగరాలంటే సన్నని తీగ. తప్పు జరిగిందో లేదో ఫిలిం కడిగి చూస్తేగాని తెలియదు. తప్పయితే డబ్బు నీళ్ళపాలు. ఇంత చేసినా తీగ కనబడిందని మనం ఈనాడు నవ్వుతాం. నేల క్లాసులో కూర్చున్నవాడికి తీగ కనబడలేదా? కనబడే ఉంటుంది. తోలుబొమ్మలాటలో పుల్లలు కనబడవా? పుల్ల కనబడినా బొమ్మను నమ్మడం మన జనానికి తాతలనాటి విద్య.

ఇక 'జగన్మోహిని' దగ్గరికి వద్దాం. గుడారాల నాడు మిత్రులతో కలిసి కన్నడంలో తీసిన ఆ కథను విఠలాచార్య 1978లో తెలుగులో మళ్ళీ తీశాడు. నరసింహరాజు, ప్రభ, జయమాలిని నటించారు. అప్పటికి సాంఘిక చిత్రాల జోరు. కత్తియుద్ధాల కాలం అయిపోయిందని అంతా అనుకుంటున్నారు. ఆ సమయంలో వచ్చి ఈ చిత్రం ఊళ్ళకు ఊళ్ళను ఊపేసింది. తమిళంలోకి వెళ్ళి అక్కడా ఆడింది. 2009లో తమిళంలో మళ్ళీ తీశారంటే దాని పట్టు ఎంతటిదో చూడండి.

ఆ చిత్రంలో కోటలున్నాయి, రాజులున్నారు. కాని జనం మనసులో నిలిచింది అవేవీ కావు. మోహినీ పిశాచం ఇంట్లో దూరి, ఇంటి ఆడదానిలా వంటకు కూర్చుంటుంది. పొయ్యిలో కట్టెలకు బదులు తన కాలే పెట్టి మంట పెడుతుంది. ఈ ఒక్క దృశ్యం నాలుగు తరాలు చెప్పుకున్నారు. ఎందుకు? కోట మనది కాదు, కత్తి మనది కాదు. పొయ్యి మనది. రోజూ కట్టె తోసే పొయ్యి. అన్నం ఉడికే చోట, అమ్మ కూర్చునే చోట, మనకు అన్నిటికన్నా భద్రమైన చోట ఆయన పిశాచిని కూర్చోబెట్టాడు. మా నాయనమ్మ చేతులు వణికింది అందుకే. శ్మశానంలో దయ్యాన్ని చూపిస్తే సినిమా అయిపోగానే మరిచిపోవచ్చు. పొయ్యి దగ్గర చూపిస్తే మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడికే వెళ్ళాలి గదా!

ఇంగ్లండు మాటకు వస్తాను. అక్కడ 1957 నుంచీ హామర్ అనే సంస్థ రంగుల్లో ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా చిత్రాలు తీసి బాగా గడించింది. కోటలు, సమాధులు, గుర్రపు బళ్ళు. 1961లో జాక్ క్లేటన్ 'ది ఇన్నొసెంట్స్' తీశాడు. అందులో ఒక పెద్ద భవంతిలో పిల్లలకు చదువు చెప్పే ఆవిడకు చచ్చిపోయినవాళ్ళు కనబడతారు. ఆ దయ్యాలు తోటలో ఉన్నాయా, ఆవిడ మనసులోనే ఉన్నాయా అన్నది చివరిదాకా తేలదు. ఆపైన చిన్న సంస్థలు చిన్న పెట్టుబడులతో కోటలు వదిలి పొలాల్లోకి వచ్చాయి. 1968లో మైకేల్ రీవ్స్ అనే కుర్రవాడు 'విచ్‌ఫైండర్ జనరల్' తీశాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు నిండలేదు. మరుసటేడే చనిపోయాడు. 1971లో పియర్స్ హాగర్డ్ తీసిన 'ది బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా'లో రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఒక వింత పుర్రె తగులుతుంది, ఊరంతటికీ ఆ చెడు అంటుకుంటుంది. 1973లో రాబిన్ హార్డీ 'ది వికర్ మాన్' తీశాడు. తప్పిపోయిన పిల్లను వెతుక్కుంటూ ఒక పోలీసు స్కాట్లండు దీవికి వెళతాడు. అక్కడివాళ్ళంతా నవ్వుమొహాలే. కాని వాళ్ళు కొలిచేది పాత దేవతలను. పంట పండాలంటే బలి కావాలి. వసంతకాలపు కథను చలికాలం ముందు తీయవలసి రావడంతో చెట్లకు పూలూ ఆకులూ అంటించి తీశారు. అందులో ముఖ్యపాత్ర వేసిన క్రిస్టఫర్ లీ డబ్బు తీసుకోకుండా నటించాడంటారు. విడుదలప్పుడు దాన్ని కోసి కురచచేసి, మరో చిత్రానికి తోకగా ఆడించారు. ఈనాడు ప్రపంచమంతా దాన్నే గొప్ప చిత్రమంటోంది.

చెట్లకు పూలంటించిన వాళ్ళకూ, ఒక సెట్టును నాలుగు చోట్లుగా చూపించినవాడికీ తేడా ఏముంది? ఇద్దరి చేతుల్లోనూ డబ్బు తక్కువ. ఇద్దరూ భయాన్ని దూరదేశపు కోటలోంచి దింపి, నాగలి చాలుకో, పొయ్యికో తెచ్చిపెట్టారు. నాగలికి పుర్రె తగలడం చూసి మన పల్నాటి పత్తిరైతుకు ఒళ్ళు జలదరించకుండా ఉంటుందా? ఆ చిత్రాల మీద మన హాస్టలు మిత్రులకున్న మోజుకు అసలు కారణం ఇదేననుకుంటాను. అవి ఇంగ్లీషువి కాబట్టి కాదు, అవి పల్లెటూరివి కాబట్టి. మనం పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి.

కాని ఒక పెద్ద తేడా కూడా ఉంది. 'ది వికర్ మాన్'లో చివరికి ఊరే గెలుస్తుంది. బయటినుంచి వచ్చిన మనిషి మంటల్లో కాలిపోతాడు. చూసినవాడు ఆ చలి ఒంట్లో పెట్టుకునే ఇంటికి వెళతాడు. విఠలాచార్య చిత్రంలో ఎంత పెద్ద పిశాచమైనా ఆఖరు రీలులో ఓడిపోవలసిందే. భార్య భక్తి గెలుస్తుంది, అమ్మవారు దిగివస్తుంది, మాంత్రికుడు మట్టికరుస్తాడు. అది చేతగానితనం అని కొందరంటారు. నాకలా తోచదు. ఇంగ్లండు జనం పాత నమ్మకాలను వదిలి చాలాకాలమైంది. వదిలేసింది మళ్ళీ తిరిగివస్తుందేమోనన్నది వాళ్ళ భయం. మన జనం ఆ నమ్మకాలతోనే రోజూ బతుకుతున్నారు. తమను కాచే దిక్కు తప్పిపోతుందేమోనన్నది వీళ్ళ భయం. అంచేత ఆయన నేలమీద కూర్చున్న తల్లిని రెండున్నర గంటలు భయపెట్టి, చివరికి ధైర్యం చెప్పి పంపాడు. రెండో ఆట అయ్యాక ఆవిడ చీకట్లో, చింతచెట్టు కిందుగా, చంకలో పిల్లతో నడిచి ఇల్లు చేరాలి. ఆ సంగతి గుడారం నడిపినవాడికి తెలియదా?

మనసుకు సంబంధించిన భయం ఆయన చిత్రాల్లో లేదనేవాళ్ళకు కూడా ఒక మాట. 'జగన్మోహిని'లో పిశాచాన్ని తీసి పక్కనపెట్టి చూడండి. మిగిలేది భర్త చెయ్యి జారిపోతాడేమోనని భయపడే ఇల్లాలు. పరాయి ఆడది తన వంటింట్లో కూర్చుంది, ఇంట్లోవాళ్ళు తన మాట నమ్మరు, మొగుడు కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజుల్లో ఆ చిత్రానికి చీరె చెంగులు నోట్లో కుక్కుకుని కూర్చున్న ఆడవాళ్ళలో ఎందరికి ఇది దయ్యం కథ? ఎందరికి సొంత కథ?

ఇంతవరకూ పొగిడాను. ఇక నొప్పి కలిగించే సంగతి. ఆయన చిత్రాల్లో దయ్యమయ్యేది తరచు అన్యాయమైన ఆడది. ఆవిడకు జరిగిన అన్యాయానికి విచారణ లేదు, ఆవిడను తరిమేస్తే కథ కంచికి. గెలిచేది నోరెత్తని పతివ్రత. దీన్ని ఈనాటి విద్యార్థినులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. రెండోది ఇంకా పెద్దది. మంత్రాలకు చింతకాయలు రాలతాయని తెరమీద ఇన్నేళ్ళు చూపిస్తే, ఆ భయం తెరమీదే ఆగిపోతుందా? మెదక్ వైపు బాణామతి పేరుతో, గోదావరి మన్యంలో చిల్లంగి పేరుతో ఎందరిని చెట్టుకు కట్టి కొట్టారో, పళ్ళూడగొట్టారో, సజీవంగా తగలబెట్టారో మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఎక్కువగా బీదలు, ముసలివాళ్ళు, దిక్కులేని ఆడవాళ్ళు. మనకు ఇరవై కిలోమీటర్ల దూరంలో లేని బెజవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం నిప్పుల్లో నడిచి చూపించి, ఊరూరా తిరిగి ఈ మూఢనమ్మకాల మీద పోరాడింది. విఠలాచార్య పుట్టిన కర్ణాటకలో 2017లో దీనికోసం ఒక చట్టమే చేశారు.

విచిత్రం ఏమిటంటే, మైకేల్ రీవ్స్ తీసిన చిత్రం సరిగ్గా దీనిమీదే. 1645 ప్రాంతంలో ఇంగ్లండులో మాథ్యూ హాప్కిన్స్ అనేవాడు ఊరూరా తిరిగి, మంత్రగత్తెలని ముద్రవేసి అమాయకులను ఉరితీయించి డబ్బు గుంజాడు. ఆ చిత్రంలో దయ్యం అసలు లేదు. మనుషులే ఉన్నారు. దయ్యం ఉందని నమ్మించేవాడే అసలు దయ్యమని ఆ కుర్రవాడు చూపించాడు. విఠలాచార్య ఆ అడుగు వేయలేదు. ఆయన మాంత్రికుడు ఎప్పుడూ నిజంగానే మాంత్రికుడు. మన సినిమా ఆయన్ను వెక్కిరించడంతో సరిపెట్టుకుంది గాని, ఆయన ఆపిన చోటునుంచి ముందుకు వెళ్ళలేదు.

'జగన్మోహిని' తర్వాత ఆయన 1979లో 'గంధర్వ కన్య', 1980లో 'మదన మంజరి' తీశాడు. కాని కాలం మారింది. వీడియోలు వచ్చాయి, టీవీ ఇంటింటా వెలిసింది, గుడారాలు మడిచేశారు. నేలమీద కూర్చుని నలుగురితో కలిసి భయపడడం అనే వేడుకే పోయింది. 1999 మే 28న మద్రాసులో విఠలాచార్య కన్నుమూశాడు. పెద్ద పెద్ద బిరుదులూ, సన్మానాలూ ఆయన వెంట పరిగెత్తలేదు. ఇప్పుడు మాత్రం కోట్ల రూపాయలు పోసి, కంప్యూటర్ల మీద రాక్షసులను చేసి చూపించేవాళ్ళు కూడా, పని బాగా కుదిరినప్పుడు విఠలాచార్య పేరే చెప్పుకుంటున్నారు. కుదరనప్పుడూ చూసేవాళ్ళు ఆ పేరే చెప్పి నవ్వుతున్నారు.

మిత్రులారా! ఇంగ్లండు చిత్రాలు చూడండి, తప్పకుండా చూడండి. వాటి పక్కనే మన విఠలాచార్యనూ పెట్టి చూడండి. మూడో తరగతి చదివిన హోటలు కుర్రవాడు నాలుగు గుడారాల అనుభవంతో అంత పని చేస్తే, ఎం.ఏ.లూ ఎం.ఎస్సీ.లూ చదివే మనం జేబులో కెమెరా పెట్టుకుని తిరుగుతూ ఏం చేస్తున్నాం? మన మిరప కల్లాల్లో, పత్తి చేలల్లో, మగ్గం గుంటల్లో ఎన్ని భయాలున్నాయి! పురుగుమందు డబ్బా దగ్గర భయం ఉంది. అప్పుకాగితం దగ్గర భయం ఉంది. పొద్దుగూకాక బస్సు దిగి హాస్టలుకు నడిచే అమ్మాయికి వెనక వినిపించే అడుగుల చప్పుడులో భయం ఉంది. వాటిని తెరకెక్కించే పని మనది. ఏది దయ్యమో, ఏది దయ్యం పేరు చెప్పి మనిషిని కొట్టే మనిషో విడదీసి చూపించే పని అంతకన్నా మనది.

కొండమీది స్వామి పోసినదంతా తాగేయడు, సగం తిరిగి మన చేతికే ఇస్తాడు. విఠలాచార్య కూడా మన పల్లెల్లోంచి బోలెడంత భయం తీసుకుని, అందులో సగాన్ని ధైర్యంగా తిరిగి ఇచ్చి వెళ్ళాడు. మిగతా సగం బాకీ మనం తీర్చాలి.